కయోటీకి ఏ తూటా? మేకల దొడ్డి దగ్గర తేలిన లెక్కలు

మా బావా నేనూ కలిసి ఉత్తర టెక్సస్‌లో ఇరవై ఎకరాలు కొన్నాం. ఫోర్ట్ వర్త్ నుంచి 287 హైవే మీద విచిటా ఫాల్స్ వైపు వెళ్లే దారిలో ఉంటుంది. వారమంతా ల్యాప్‌టాప్‌లు, శని ఆదివారాలు మేకలు. మొదటి ఏడాది ఏప్రిల్లో పదకొండు పిల్లలు పుడితే నాలుగు పోయాయి. పొద్దున్నే వెళ్లి చూస్తే కంచె కింద గీకిన గుంట, పిల్ల గొంతు మీద పంటి గాట్లు, మట్టిలో కుక్క అడుగు కన్నా సన్నగా, పొడుగ్గా ఉన్న ముద్రలు. పక్క రాంచ్ పెద్దాయన వంగి చూసి, "కయోట్స్" అని ఒక్క ముక్క అని వెళ్లిపోయాడు. మన నక్కను పోలిన ఇక్కడి అడవి జంతువు.

రైఫిల్ కోసం వెతుకులాట ఆ వారమే మొదలైంది. మాకు సలహా ఇచ్చినవాళ్లలో ఏ ఇద్దరూ ఒక మాట మీద లేరు. చిన్న తూటా చాలని ఒకరు, పెద్దది కొంటే జింకకూ పనికొస్తుందని ఇంకొకరు. రెండేళ్లలో ఒకటి తప్పు కొని, ఒకటి సరిగ్గా కొని, మూడు నాలుగు స్నేహితులవి కాల్చి చూశాక తేలింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు వీసా సంగతి

కాలిబర్ (తూటా సైజు) కన్నా ముందు ఇది చూసుకోండి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజ్‌లో స్నేహితుడి తుపాకీ సరదాగా చేతిలోకి తీసుకున్నా అదే లెక్క. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటి: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. గ్రీన్ కార్డు వచ్చాక ఈ చిక్కు లేదు.

టెక్సస్‌లో కయోటీకి సీజన్ అంటూ లేదు, ఏడాది పొడుగునా వేటాడొచ్చు. పశువుల మీద పడిన కయోటీని చంపడానికి లైసెన్స్ కూడా అక్కర్లేదని చట్టంలో ఉంది. కానీ హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు తుపాకీ పట్టుకునే హక్కు ఇచ్చేది ఆ లైసెన్సే కదా, కాబట్టి మనకు అవసరమే. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉండాలి. వీసా విషయంలో ఏ కొంచెం అనుమానం ఉన్నా షాపువాణ్ణి కాదు, లాయర్ని అడగండి.

ఇంకో మాట. వేటకు వేసుకెళ్లిన జాకెట్టు, బ్యాగు ఇండియా ప్రయాణానికి వాడొద్దు. జేబు మూలలో మర్చిపోయిన ఒక్క తూటా హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ స్కానర్లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు. అన్నట్టు, మన దగ్గర నక్కకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. ఇక్కడ చెప్పే లెక్కలేవీ అక్కడికి పట్టుకెళ్లకండి.

రాయి ఒకటే, వడిసెల వేరు

తూటా అంటే మొత్తం: ఇత్తడి గొట్టం, అందులో మందు, వెనక ఆ మందును అంటించే ప్రైమర్, ముందు బుల్లెట్. ఎగిరి వెళ్లేది బుల్లెట్ ఒక్కటే. దాని బరువును గ్రెయిన్లలో చెప్తారు. ఈ లెక్క మనకు కొత్తేం కాదు. పాత తులం, అంటే 11.66 గ్రాములు, సరిగ్గా 180 గ్రెయిన్లు. కయోటీకి ఎక్కువగా వాడే 55 గ్రెయిన్ల బుల్లెట్ మూడున్నర గ్రాములు. అరకాసు బంగారం కూడా తూగదు.

పేర్లలోని అంకెలు చూసి మోసపోవద్దు. .223 రెమింగ్టన్, .22-250 రెమింగ్టన్ రెండింటి బుల్లెట్ వ్యాసమూ ఒకటే, 0.224 అంగుళాలు. తేడా అంతా వెనకున్న గొట్టంలో. .22-250 గొట్టం .250 సావేజ్ అనే పెద్ద తూటాది, మెడ నొక్కి సన్నం చేశారు. అందులో మందు ఎక్కువ పడుతుంది, అదే బుల్లెట్ ఇంకా వేగంగా పోతుంది. జొన్నచేలో పిట్టల్ని తోలేటప్పుడు రాయి అదే అయినా వడిసెల తాడు పొడుగైతే విసురు పెరిగినట్టు.

కయోటీ మన నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది. టెక్సస్‌లో పెరిగినది 25 నుంచి 40 పౌండ్లు, అంటే పదకొండు నుంచి పద్దెనిమిది కిలోలు ఉంటుంది. చలికాలపు బొచ్చుతో చూస్తే రెట్టింపు కనిపిస్తుంది గానీ లోపల బక్క జంతువే. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అరచేతి వెడల్పు మించదు. గురి పెట్టాల్సింది ఆ అరచేతికి.

మీకు నిజంగా ఎంత దూరం కనిపిస్తుంది?

షాపులో అందరూ 400 గజాల గురించి మాట్లాడతారు. మా స్థలంలో నేను నిలబడిన చోటి నుంచి మెస్కీట్ పొదలు అడ్డం లేకుండా కనిపించే అత్యంత దూరం 160 గజాలు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. ఆకు, ముల్లు, కాయ చూస్తే ప్రకాశం జిల్లా బీడులో ఉన్నట్టే అనిపిస్తుంది. అది ఉన్నచోట దూరపు గురి అనే మాటే లేదు. పైగా కయోటీని వెంటాడరు, పిలుస్తారు. కుందేలు అరుపు వినిపించే 'కాలర్' అనే యంత్రం పెడితే అది గాలి కిందివైపుకు చుట్టు తిరిగి, వాసన చూసుకుంటూ వస్తుంది. మాకు వచ్చినవి దాదాపు అన్నీ వంద గజాల లోపే వచ్చి ఆగాయి.

అదే అమరిల్లో, లబ్బక్ వైపు వెళ్తే వేరే లోకం. కోసేసిన పత్తి చేలు, చెట్టు లేని బీళ్లు, ఆగని గాలి. అక్కడ 300 గజాలు మామూలు మాట. అందుకే రైఫిల్ కొనే ముందు ఒక శనివారం మీ స్థలంలో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ పట్టుకుని నిలబడండి. స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్నా చాలు. ఆ అంకె చేతిలో ఉంటే మిగతా చర్చ సగం తగ్గిపోతుంది.

నేను కొన్న తప్పు

మొదట కొన్నది .17 హెచ్ఎమ్ఆర్ అనే చిన్న తూటా కాల్చే రైఫిల్. సెకండ్ హ్యాండ్. చప్పుడు తక్కువ, తూటా చవక, భుజానికి తాకినట్టే ఉండదు. 17 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకు 2,550 అడుగులు. కాగితం మీద పెట్టిన చోట పడుతుంది. దాంతో మురిసిపోయాను.

మార్చిలో ఒక సాయంత్రం, 120 గజాల్లో కయోటీ ఆగింది. కాల్చాను. కూర్చుండిపోయింది, గిర్రున తిరిగి తన పక్కనే కొరుక్కుంది, లేచి పొదల్లోకి పరిగెత్తింది. టార్చిలు పట్టుకుని బావా నేనూ రెండు గంటలు వెతికాం. రక్తం చుక్కలు ముప్ఫై అడుగుల తర్వాత ఆగిపోయాయి. మర్నాడు మధ్యాహ్నం రాబందులు చూపించాయి ఎక్కడుందో. రాత్రంతా బతికే ఉందేమో అన్న ఆలోచన ఇప్పటికీ బాగుండదు.

తూటాది కాదు తప్పు, దాన్ని ఆ పనికి వాడిన నాది. ఆ బుల్లెట్ బయల్దేరినప్పుడు ఉండే శక్తి .223 శక్తిలో ఐదో వంతు, వంద గజాలు దాటేసరికి అందులోనూ సగం దాకా పోతుంది. ఉడతలకు, కుందేళ్లకు మంచిదే. .22 లాంగ్ రైఫిల్ అయితే ఇంకా బలహీనం. .22 మాగ్నమ్ యాభై గజాల్లో పనిచేస్తుందని చెప్పేవాళ్లున్నారు. పనిచేస్తుంది కూడా, యాభై గజాల్లో ఆగితే. ఈ చిన్న తూటాల కుటుంబం మొత్తాన్ని పక్కన పెట్టండి.

.223: ఎక్కువమందికి ఇదే

1964లో వచ్చింది. మిలిటరీ 5.56కు తోబుట్టువు లాంటిది. 55 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 3,240 అడుగులు, అంటే దాదాపు కిలోమీటరు. 200 గజాలకు స్కోప్ (రైఫిల్ మీద బిగించే దుర్భిణి) సరిచేస్తే వంద దగ్గర ఒకటిన్నర అంగుళం పైన, 300 దగ్గర ఏడెనిమిది అంగుళాల కింద పడుతుంది. అంటే 200 దాటి ఇంకొంచెం దూరం దాకా ఏ లెక్కా లేకుండా ఛాతీ మీద పెట్టి కాల్చొచ్చు. మనలాంటి శని ఆదివారపు వేటగాళ్లకు ఇది చిన్న సుఖం కాదు.

నాకు ఇంకా నచ్చిన సంగతి తూటా ధర. ప్రాక్టీసుకు వాడే మామూలువి డాలరు లోపే దొరుకుతాయి, ఏ ఊరి తుపాకుల షాపులో అడిగినా ఉంటాయి. ధర తక్కువైతే ఎక్కువ కాలుస్తాం. నెలకు యాభై తూటాలు కాల్చే .223 మనిషి, ఏడాదికి ఇరవై కాల్చే ఖరీదైన రైఫిల్ మనిషి కన్నా బాగా కాలుస్తాడు. భుజానికి తగిలే దెబ్బ తక్కువ కాబట్టి కాల్చిన క్షణంలో కూడా స్కోప్‌లో జంతువు కనబడుతూనే ఉంటుంది. తగిలిందా, ఎటు వెళ్లింది, రెండోది వచ్చిందా అన్నది మీ కంటితో చూస్తారు. .17తో జరిగింది గుర్తుంది కాబట్టి నాకు ఇది ముఖ్యం.

లోపాలు లేకపోలేదు. 300 గజాల్లో గంటకు పది మైళ్ల అడ్డగాలి వీస్తే బుల్లెట్ పది అంగుళాల దాకా పక్కకు పోతుంది. అరచేతి లెక్కలో అది గురి తప్పినట్టే. ఆ దూరాలు మీకు మామూలైతే ఇది కాదు మీ రైఫిల్.

కొనేటప్పుడు బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు చదవండి. .223 అని మాత్రమే ఉంటే అందులో 5.56 మిలిటరీ తూటాలు వాడొద్దు, ఒత్తిడి పెరుగుతుంది. 5.56 అని ఉంటే రెండూ వాడొచ్చు. పక్కనే ట్విస్ట్ కూడా ఉంటుంది: 1:9 అంటే బుల్లెట్ తొమ్మిది అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. 1:9 గానీ 1:8 గానీ తీసుకుంటే తేలికవీ బరువైనవీ రెండూ నడుస్తాయి. పాత బోల్ట్ రైఫిళ్లలో (ప్రతి తూటాకూ చేత్తో పిడి లాగేవి) ఉండే 1:12కు 55 దాకా సరే.

.22-250: ఖాళీ మైదానాలకు

ఇది చాలా ఏళ్లు వేటగాళ్లు ఇళ్లలో సొంతంగా తయారు చేసుకున్న తూటా. 1965లో రెమింగ్టన్ దాన్ని కంపెనీ సరుకు చేసింది. అదే 55 గ్రెయిన్లు, సెకనుకు 3,680 అడుగులు. 300 గజాల్లో జారుడు ఐదు అంగుళాలే, గాలికి ఎనిమిది. ఒక స్నేహితుడిది లబ్బక్ దగ్గర కాల్చి చూశాను. 260 గజాల్లో కయోటీ నిలబడ్డ చోటే పడిపోయింది, కాలు కూడా కొట్టుకోలేదు. ఆ రోజంతా నా .223 మీద కాస్త చిన్నచూపు కలిగిన మాట నిజం.

ఇంటికొచ్చి లెక్క వేస్తే చిన్నచూపు తగ్గింది. తూటా డాలరున్నర పైమాటే, అదీ అన్ని షాపుల్లో ఉండదు. మందు ఎక్కువ కాబట్టి బ్యారెల్ మొదట్లో, తూటా కూర్చునే చోటి ముందు, లోహం త్వరగా అరుగుతుంది. చాలా రైఫిళ్ల ట్విస్ట్ 1:14, బరువైన బుల్లెట్ తిప్పలేదు. మిలిటరీ రైఫిల్‌లా కనిపించే ఏఆర్-15లో ఇమడదు. దగ్గర్లో కాల్చితే తేలిక బుల్లెట్ భుజం ఎముక మీదే చిట్లిపోయి లోపలికి దిగకపోవచ్చు కూడా. 250 గజాలు మీకు రోజువారీ దూరమైతే కళ్లు మూసుకుని కొనండి. కాకపోతే వేగం కోసం డబ్బు తగలేసినట్టే.

.243: బావ ఎంపిక

1955 నాటిది, .308 మెడ సన్నం చేసి పుట్టించారు. దీని అసలు గొప్ప, ఒకే రైఫిల్‌తో రెండు పనులు. 58 గ్రెయిన్ల తేలిక బుల్లెట్ వేస్తే 3,750 అడుగుల వేగంతో కయోటీకి, 100 గ్రెయిన్లు వేస్తే 2,960తో జింకకు. మధ్యలో 87 గ్రెయిన్లది గాలికి బాగా నిలబడుతుంది; .223 పది అంగుళాలు పక్కకు పోయే చోట ఇది ఆరేడు పోతుంది.

టెక్సస్‌లో జింకకు ఏ సెంటర్‌ఫైర్ (ప్రైమర్ అడుగు మధ్యలో ఉండే) తూటా అయినా చట్టం ఒప్పుకుంటుంది, .223 కూడా. కొలరాడో ఒప్పుకోదు, అక్కడ జింకకు కనీసం .24 కాలిబర్, 70 గ్రెయిన్ల బుల్లెట్ ఉండాలి. అటు వెళ్లే ఆలోచన ఉంటే .243 సరిగ్గా గీత దాటి నిలబడుతుంది. అడవి పందులు పడుతున్న పొలానికి కూడా .223 కన్నా నేను దీన్నే నమ్ముతాను.

దెబ్బ మాత్రం .223కు మూడింతలు అనుకోండి. పెద్దవాళ్లకు లెక్కలోది కాదు, కానీ ఇరవై తూటాల తర్వాత కళ్లు ముందే మూసుకోవడం మొదలవుతుంది. చప్పుడూ ఎక్కువే. దేనికైనా చెవులకు రక్షణ తప్పదు, దీనికి ఇంకా. కయోటీ తోలు అమ్ముకునేవాళ్లకు ఇది అచ్చిరాదు, పెద్ద రంధ్రం చేస్తుంది.

.204 రూగర్, ఇంకా మిగతావి

2004లో పేరుకు తగ్గట్టే వచ్చింది. 32 గ్రెయిన్ల బుల్లెట్, 4,225 అడుగులు. చిన్న రంధ్రంతో లోపలికి వెళ్లి లోపలే ముక్కలవుతుంది, తరచూ బయటికి రాదు. కాన్సస్, మోంటానా వైపు తోలు కోసం వేటాడేవాళ్లు దీన్ని ఇష్టపడేది అందుకే. కొంటే 40 గ్రెయిన్లవి వాడండి, 32 గాలికి కొట్టుకుపోతుంది. తూటాలు దొరకడం కష్టం. మీరు తోలు అమ్మరు, నేనూ అమ్మను, కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం.

6.5 క్రీడ్‌మూర్, .308 ఇప్పటికే ఇంట్లో ఉంటే వాడుకోండి, కయోటీ కోసమని కొత్తగా కొనకండి. 6 ఎంఎం ఏఆర్‌సీ, 22 ఏఆర్‌సీ ఏఆర్-15లోనే దూరం కొట్టే కొత్త తూటాలు. బాగున్నాయి గానీ మొదటి రైఫిల్‌కు కాదు.

తూటా తప్పితే ఎక్కడ పడుతుంది?

నిజానికి నా ఎంపికను తేల్చింది ఇదే. మా స్థలానికి తూర్పున పక్కవాళ్ల ఆవులు, ఉత్తరాన మట్టి రోడ్డు. .22 లాంగ్ రైఫిల్ డబ్బాల మీదే మైలున్నర దూరం దాకా ప్రమాదమని రాసి ఉంటుంది, ఇవన్నీ దానికి అన్నలు. .243లో 100 గ్రెయిన్ల జింక బుల్లెట్ కయోటీలోంచి దూసుకుపోయి ఇంకా ప్రయాణం చేస్తుంది. .223లో ప్లాస్టిక్ మొన ఉన్న పలచటి బుల్లెట్ తగిలిన చోటే చిట్లిపోతుంది, నేలకు తగిలినా ఎగిరిపడటం తక్కువ. అందుకని ఎఫ్ఎమ్‌జే అనే పూర్తి రాగి తొడుగు బుల్లెట్లు కాగితాలకే ఉంచండి. కయోటీలో సూదిలా దిగి అవతలికి పోతాయి, అది గాయంతో పరిగెడుతుంది, బుల్లెట్ ఎటో పోతుంది.

ఏ బుల్లెట్ వాడినా వెనక మట్టి ఉండాలి. మేం పడమర వైపు చెరువు కట్టకు ఎదురుగా కూర్చునే చోటు కట్టుకున్నాం, కాలర్ కూడా కట్ట దిగువనే పెడతాం. గట్టు మీద, ఆకాశం వెనక నిలబడ్డ కయోటీని కాల్చం, ఎంత దగ్గరున్నా. టెక్సస్‌లో తూటా మీ సరిహద్దు దాటితే అదే ఒక నేరం. ప్లాట్లుగా విడగొట్టిన చోట, పదెకరాలు, అంతకన్నా చిన్న వాటిలో కాల్చడాన్ని కౌంటీలు నిషేధించొచ్చు. ఊళ్ల పరిధిలో అయితే మాట్లాడే పనే లేదు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు ఇంకో మెలిక: 2019 జులై 1 నుంచి అక్కడ వేటకు సీసం బుల్లెట్ వాడకూడదు. రాగి బుల్లెట్ అదే బరువుకు పొడుగ్గా ఉంటుంది, దాన్ని తిప్పడానికి ట్విస్ట్ గట్టిగా ఉండాలి. అక్కడ .22-250 పాత 1:14 బ్యారెల్ కన్నా .223 1:8 ఎంతో నయం.

చివరికి మా దొడ్డిలో

నేను .223 బోల్ట్ రైఫిల్, 1:9 ట్విస్ట్ కొన్నాను. మిగిలిన డబ్బు స్కోప్‌కు పెట్టాను. బావ వినలేదు, నవంబర్లో జింక మాంసం తినాలని .243 కొన్నాడు. మీ స్థలం మెస్కీట్ పొదల్లో ఉంటే నా దారి, జింక కూడా కావాలంటే బావ దారి, చుట్టూ పత్తి చేలే ఉంటే లబ్బక్ స్నేహితుడి దారి.

రైఫిళ్లతో పాటు కంచె కింద రెండడుగుల వెడల్పున ఇనప వల పరిచాం, రాత్రి మేకల్ని దొడ్డిలో పెడుతున్నాం, ఒక గాడిదను కూడా కొన్నాం. నవ్వకండి, కుక్క జాతి ఏది కనబడినా గాడిద వెంటపడి తంతుంది, టెక్సస్‌లో మేకల కాపలాకు చాలామంది దాన్నే పెడతారు. పోయిన ఏప్రిల్లో పిల్ల ఒక్కటీ పోలేదు. నేను కాల్చినవి రెండు, గాడిద తరిమినవి లెక్క తెలీదు.

షెడ్డులో తూటాల డబ్బాలకు రంగు టేపు వేసి వేర్వేరు అరల్లో పెట్టి తాళం వేస్తాం. నాది పసుపు, బావది ఎరుపు. .223, .243 కలిసిపోతాయని భయం లేదు, చూస్తేనే తెలుస్తుంది. భయం బావ స్నేహితుడు తెచ్చే .300 బ్లాకౌట్ అనే తూటాతో. అది .223 మ్యాగజైన్‌లో పడుతుంది, తూటా కూర్చునే ఛాంబర్లోకీ వెళ్తుంది, కాలిస్తే రైఫిల్ మొహం ముందే పేలిపోతుంది. ఆయన వచ్చిన రోజు నా పసుపు డబ్బా అరలోంచి బయటికి రాదు.